పద్మిని లేచింది గానీ కాగితాలే లేవలేదు

పొద్దున ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మా పాత కారు ఆర్సీ, అంటే రిజిస్ట్రేషన్, రెన్యువల్ అప్రూవ్ అయిందని. ఇంకో అయిదేళ్లు మా పద్మినిని రోడ్డు మీద ఎవరూ ఆపలేరు. కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నా. రేపటికి నేను కూడా "పోనీలే, అయిపోయిందిగా" అనేస్తాను, అప్పుడు రాస్తే చప్పగా ఉంటుంది.

బండి మా బాబాయిది. 1985 ప్రీమియర్ పద్మిని, 1089 సీసీ పెట్రోలు ఇంజను, గేరు స్టీరింగ్ పక్కనే. ఇటలీ ఫియట్ 1100నే ముంబయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు తయారుచేసేవాళ్లు, 1974 నుంచి దాన్ని పద్మిని అన్నారు. బాబాయి కొనే నాటికి మారుతి 800 వచ్చేసి ఊరంతా దాని వెంట పడుతోంది. ఆయన మాత్రం "అగ్గిపెట్టెలో నేను కూర్చోను" అని పద్మినే తెచ్చుకున్నాడు. హెడ్మాస్టరు ఉద్యోగం చేసినన్నాళ్లూ అందులోనే తిరిగాడు. కళ్లకు ఆపరేషన్ అయ్యాక దాన్ని పెరట్లో రేకుల షెడ్డులో పెట్టాడు, ఇక తీయలేదు. నేను తలుపు తెరిచేసరికి వెనక సీటులో కోడి పొదుగుతోంది. అది పిల్లల్ని దింపేదాకా పని మొదలుపెట్టొద్దని మా పిన్ని ఆర్డరు.

ఇంజను పని పెద్ద గొప్పేం కాదు, చాలామంది భయపడతారు గానీ. పట్టేసిన ఇంజనుకు ప్లగ్గులు తీసి, ఆ కన్నాల్లో డీజిలూ కిరసనాయిలూ కలిపి పోసి వదిలేశాను. తర్వాత టాప్ గేరులో పెట్టి వెనక నుంచి నెమ్మదిగా నెడితే చక్రాలతో పాటు అదీ కదిలింది. కార్బురేటర్ విప్పి కడిగి కొత్త కిట్ వేశాను. పెట్రోల్ పంపు డయాఫ్రమ్ అప్పడంలా విరిగింది, మార్చాను. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, వీల్ సిలిండర్లలో రబ్బరు కప్పులు ఉబ్బిపోయి ఉంటాయి. వాటిని కడిగి మళ్లీ వాడదామనుకునేవాళ్లకు దండం, అవి కొత్తవే వెయ్యండి. ముందు చక్రాలు పక్కకు తిరిగే కింగ్ పిన్నులకు గ్రీజు కొట్టించండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది దాదాపు అంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత రబ్బరు పైపుల్ని అది తినేస్తుంది, కాబట్టి ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా పైపులన్నీ దాన్ని తట్టుకునే రకానివి వేయించండి. సామాన్లు కొన్ని విజయవాడ ఆటోనగర్‌లో దొరికాయి, మిగతావి ముంబయి నుంచి. అక్కడ పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో ఆగిపోయాయి, కాబట్టి దొరికినప్పుడే రెండు జతలు తెప్పించుకోండి.

బాడీ పనికి టింకరింగ్ అతన్ని ఇంటికే పిలిపించాను. డ్రైవరు కాళ్ల కింద రేకు తుప్పు పట్టి, చాప ఎత్తితే నేల కనపడింది. అతను బంగారం లాంటి మనిషి, చెప్పిన రోజుకు వచ్చి చెప్పిన డబ్బే తీసుకున్నాడు. పెయింటర్ సంగతి వేరే. బానెట్ లోపల ఇంజను వెనక గోడ మీద చాసిస్ నంబరు, అంటే బండి గుర్తింపు నంబరు, పంచ్ చేసి ఉంటుంది, దాని మీద టేపు వేసి కొట్టమని వేలు పెట్టి మరీ చూపించాను, "నాకు తెలీదా సార్, పాతికేళ్లుగా ఇదే పని" అన్నాడు. ఆ పాతికేళ్ల పనితనం ఎంతటిదో తర్వాత తెలిసింది.

ఇక అసలు కథ. ఆర్సీ 2015లోనే అయిపోయింది. సొంత బండికి మొదట 15 ఏళ్లు ఇస్తారు, తర్వాత అయిదేళ్లకోసారి ఫారం 25 పెట్టి రెన్యువల్ చేయించుకోవాలి. బాబాయి మూడుసార్లూ టైముకు చేయించాడు, నాలుగోసారి కళ్లు కనపడక వదిలేశాడు. 2022 ఏప్రిల్‌కు ముందు దీనికి ఫీజు 600 రూపాయలు. తర్వాత 5,000 చేశారు. నేను పెయింటు ఆరబెట్టుకుంటూ ఉండగా, 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. ఆలస్యానికి నెలకు 500 చొప్పున వేరే లెక్క. ఆ మొత్తం ఎంతయిందో ఇక్కడ రాయను, మా ఆవిడ ఇది చదువుతుంది.

"విన్‌టేజ్ కింద పెట్టెయ్, ఫీజుల గోల ఉండదు" అని సలహా ఇచ్చినవాళ్లు అందరూ కార్లు లేనివాళ్లే. 2021లో వచ్చిన ఆ రూల్స్ ప్రకారం బండికి 50 ఏళ్లు దాటాలి, మనది నలభయ్యే. పైగా దాని కింద కొత్తగా రిజిస్టర్ చేయించాలంటే 20,000, నంబరులో వీఏ అని అక్షరాలు వస్తాయి, రోజువారీ తిరగడానికి వాడకూడదు. నాకు కూరగాయలకు వెళ్లే బండి కావాలి గానీ ఊరేగింపు బండి కాదు.

ఆన్‌లైన్‌లో పెడదామని కూర్చుంటే నంబరే తీసుకోదు. మూడు ఇంగ్లీషు అక్షరాలూ నాలుగు అంకెలూ ఉండే పాత కాలం నంబరు కదా, ఏది కొట్టినా "రికార్డ్ నాట్ ఫౌండ్". ఆర్టీవో ఆఫీసుకు వెళ్తే కౌంటరులో అమ్మాయి "బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించుకోండి" అంది. ఎక్కడ అంటే పై అంతస్తు. పై అంతస్తులో అడిగితే కింద రికార్డు రూము నుంచి పాత రిజిస్టరు కాపీ తెమ్మన్నారు. రికార్డు రూము తాళం ఎవరి దగ్గరుందో ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు, ఉన్న మనిషి సెలవులో ఉన్నాడు. మన వాహనం వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించాల్సింది వాళ్లు, ఎక్కించలేదు కాబట్టి తిరగాల్సింది మనం. ఆ రిజిస్టర్లకు చెదలు పట్టాయని చివర్లో తేలింది. అదృష్టం ఏమిటంటే బాబాయి ఒరిజినల్ ఆర్సీ పుస్తకం, టాక్సు రసీదులు అన్నీ రెక్సిన్ సంచిలో దాచి ఉంచాడు. వాటి మీద నోటరీ అఫిడవిట్ పెడితే ఎట్టకేలకు ఎంట్రీ చేశారు, అందులోనూ ఇంధనం దగ్గర డీజిల్ అని కొట్టారు, దాన్ని దిద్దించడానికి ఇంకో అర్జీ.

ఇన్సూరెన్సు కూడా వెబ్‌సైటులో ఆ నంబరుతో రాదు. ప్రభుత్వ కంపెనీ బ్రాంచికి స్వయంగా వెళ్లండి, థర్డ్ పార్టీ ప్రీమియం ఈ సైజు ఇంజనుకు నేను కట్టింది 3,416, పైన పన్ను. అక్కడి మేనేజర్ నాన్నగారికీ ఇదే బండి ఉండేదట, టీ తెప్పించి మరీ చేసిచ్చాడు. పొల్యూషన్ సర్టిఫికెట్ రోడ్డు పక్క వ్యానులో అయిపోయింది.

తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టరు తనిఖీ. స్లాట్ తీసుకుని, బండి ఓనరు బాబాయే కాబట్టి ఆయన్ని కూడా ఎక్కించుకుని వెళ్లాను. ఆయనకు 81. ఇస్త్రీ పంచె కట్టుకుని, ఆ రెక్సిన్ సంచి ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు, పెళ్లికి వెళ్తున్నట్టే. గ్రౌండులో జనం చుట్టూ మూగారు, లైసెన్సు టెస్టుకు వచ్చిన కుర్రాళ్లు సెల్ఫీలు దిగారు. నేను కాస్త పొంగిపోయిన మాట నిజం.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మా పెద్దాడి వయసు ఉంటుంది. బానెట్ ఎత్తమన్నాడు, ఎత్తాను.

"చాసిస్ నంబర్ ఏదండీ?"

"ఇక్కడే సార్, ఈ ప్లేటు పక్కన."

అక్కడ నున్నగా, అద్దంలా, పాలమీగడ రంగు పెయింటు. నంబరు ఉండాల్సిన చోట పుట్టీ కూడా పెట్టి సాపు చేశాడా పెయింటర్ మహానుభావుడు. పంచ్ గుంటలు గరుకుగా ఉన్నాయని ఆయనకు అనిపించిందట, తర్వాత అడిగితే చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు గట్టిగా, అందరికీ వినపడేలా, "నంబరు కొట్టేసిన బండి తెచ్చారేంటి? దొంగ బండా?" అన్నాడు. సెల్ఫీలు దిగుతున్న కుర్రాళ్లే ఇప్పుడు వీడియో తీయడం మొదలుపెట్టారు. నేను పెయింటర్ సంగతి చెప్పబోతే వినడే. బాబాయి వైపు తిరిగి, "ఏం పెద్దాయనా, ఎక్కడ కొన్నావ్ దీన్ని?" అన్నాడు. నలభై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషిని, ఊళ్లో ఇప్పటికీ ఎమ్మెల్యే కూడా మాస్టారూ అని పిలిచే మనిషిని, కొన్నావ్ అని. నాకు చెవులు వేడెక్కాయి. బాబాయి మాత్రం "కొత్తదే కొన్నాను బాబూ, 1985లో. బిల్లుంది" అని సంచి విప్పబోయాడు.

"అవన్నీ లోపల చూపించు. ముందు పోలీస్ స్టేషన్ నుంచి ఇది దొంగ బండి కాదని ఎన్వోసీ తీసుకురా. అప్పటిదాకా బండి ఇక్కడే ఉంటుంది."

సరే, ఇక్కడే పెయింటు తీసి చూపిస్తానంటే, నంబరు దగ్గర చెయ్యి పెడితే ట్యాంపరింగ్, అంటే నంబరు మార్చిన కేసు అవుతుందన్నాడు. చూపించకపోతే దొంగ బండి, చూపిస్తే ట్యాంపరింగ్. ఆయన ఇంకో బండి దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పుడు దిగాడు ఏజెంటు, వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో అప్పటిదాకా మమ్మల్నే చూస్తున్నవాడు. "ఎందుకు సార్ పెద్దాయన్ని ఎండలో నిలబెట్టారు, ఇరవై ఇవ్వండి, సాయంత్రానికి అయిపోతుంది." ఇరవై అంటే ఇరవై వేలు. పదివేల ఫీజు కట్టిన బండికి ఇరవై వేలు! నేను జేబులోకి చెయ్యి పోనిస్తానేమోనని బాబాయి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, ఇది నా బండి. ఒక్క రూపాయి ఇచ్చావంటే ఇక్కడే తగలబెట్టేస్తా" అన్నాడు. నిజంగానే అన్నంత పనీ చేసేవాడే.

పైన ఉన్న పెద్ద ఆఫీసరు దగ్గరికి ఆయనే మెట్లెక్కాడు, మోకాళ్ల నొప్పితో, రెయిలింగ్ పట్టుకుని. బయట బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. మేం తెచ్చుకున్న పులిహోర అక్కడే తిన్నాం. చివరికి లోపలికి పిలిస్తే బాబాయి ఏమీ మాట్లాడకుండా సంచిలోంచి డెలివరీ రోజు కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. వాటిలో ఒక సన్న కాగితం ముక్క, అంచులు పసుపు రంగుకు తిరిగి, దాని మీద పెన్సిల్‌తో రుద్ది తీసిన చాసిస్ నంబరు, 1985లో డీలరు తీసిన ప్రింటు. ఒక అంకె, చివరి నుంచి రెండోది, కొంచెం వంకరగా పడి ఉంది, పంచ్ కొట్టేటప్పుడు జారినట్టు. ఆ ఆఫీసరు ఆడమనిషి. కళ్లజోడు సర్దుకుని దాన్ని చాలాసేపు చూసి, ఇన్‌స్పెక్టర్ని పిలిచి, "మీ ఎదురుగానే పెయింటు తీయించండి, దీంతో సరిపోల్చండి" అంది. అంతే. ఇంత చిన్న మాట పొద్దున ఆ కుర్ర ఇన్‌స్పెక్టరుకు తోచలేదంటే నేను నమ్మను.

ఎదురు షాపులో థిన్నర్ కొన్నాను. లోపలి భాగానికి ఎన్.సి. అనే పాతకాలం రకం పెయింటు వేయించాం కాబట్టి థిన్నర్‌కు కరిగింది, హార్డెనర్ కలిపే టూ-కే రకం వేసి ఉంటే ఆ రోజు అది కదిలేది కాదు. గుడ్డ తడిపి రుద్దుతుంటే ముందు మీగడ రంగు, దాని కింద ప్రైమరు, తర్వాత పుట్టీ. పుట్టీ థిన్నర్‌కు లొంగదు, చెక్క పుల్లతో గీకాను, ఇనుము తగిలితే మళ్లీ ట్యాంపరింగ్ అంటాడని. ఒక్కో అంకే బయటపడుతుంటే ఇన్‌స్పెక్టరు ఆ పాత కాగితం పట్టుకుని చదువుతున్నాడు. ఆ వంకర అంకె కనపడగానే బాబాయి "అదిగో" అన్నాడు, ఇంకేం అనలేదు. ఇన్‌స్పెక్టరు సారీ చెప్పలేదు. చెబుతాడని నేనూ అనుకోలేదు.

ఒక్కటి మాత్రం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. డ్రైవింగ్ టెస్టు చేస్తానని ఆయన స్టీరింగ్ ముందు కూర్చుని, క్లచ్ తొక్కి, ఎడం చెయ్యి సీట్ల మధ్యకు పోనిచ్చి గేరు కోసం వెతుకుతూ ఉండిపోయాడు. ముందంతా ఒకటే సీటు, అక్కడేం ఉంటుంది? వీడియో తీసే కుర్రాళ్లు అప్పటికి లేకపోవడం నా దురదృష్టం. బాబాయి కిటికీ దగ్గరికి వెళ్లి, "స్టీరింగ్ పక్కన చూడండి సార్" అన్నాడు, అండీ, సార్ రెండూ పెట్టి. బండి గ్రౌండు చుట్టూ నేనే తిప్పాను, బ్రేకులు తొక్కిన చోట ఆగాయి, సంతకం పెట్టాడు.

ఇలాంటి పాత బండి చేద్దామనుకునేవాళ్లకు చెప్పేదొకటే. స్పానరు పట్టకముందు చాసిస్ నంబరు, ఇంజను నంబరు పెన్సిల్ ప్రింటు తీసుకుని, ఫొటో కూడా తీసి పెట్టుకోండి. పెయింటర్ ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే, టేపు మీ చేత్తో మీరే అంటించండి. కాగితం ముక్క ఏదీ పారేయకండి. ఏజెంటుకు ఇవ్వొద్దని చెప్పడం తేలికే, 81 ఏళ్ల మనిషి నాతో లేకపోతే నేను ఇచ్చేసేవాణ్నేమో. రంగు కూడా ఆర్సీలో రాసిందే వేయించండి, మార్చాలనుకుంటే అది మళ్లీ వేరే అర్జీ.

బండికి ఇంకా పనులున్నాయి. పెట్రోల్ ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే ఉంటుంది. ముందు తలుపుల త్రికోణం అద్దాలకు బీడింగ్ ఎక్కడా దొరకలేదు, వాన వస్తే కుడి మోకాలు తడుస్తుంది. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద బాబాయి సంతకాలు పెట్టి ఇచ్చేశాడు, బీరువాలో ఉన్నాయి. ఆ ఆఫీసు మెట్లు మళ్లీ ఎక్కేది సంక్రాంతి దాటాకే.