వశిష్ఠ బోటు పనులు: వేగం ఎంత, లీటరుకి దూరం ఎంత

మేం కడుతున్న బోటుకి అడుగు (నీళ్లలో ఉండే కింది భాగం) ఖాయమైంది, ఇంజిన్ ఖాయమైంది. ఫ్యాన్ (నీటిని వెనక్కి తోసే ప్రొపెల్లర్) సైజు లెక్క కట్టడం అయింది, నీళ్లలో చూడటం మిగిలింది. మిగతా నిర్ణయాలన్నీ వేగం, డీజిల్ లెక్క నుంచే వచ్చాయి కాబట్టి ఈ విడతలో ఆ లెక్కే ముందు.

బోటు పని ఇది: ఆరుగురు మనుషులు, రాత్రి పడుకోడానికి చోటు, వంట సామాను. ధవళేశ్వరం బ్యారేజీ దిగువన గోదావరి పాయ వశిష్ఠలో నరసాపురం, అంతర్వేది దాకా. గౌతమిలో యానాం, కోరంగి వైపు. నీటి గీత దగ్గర పొడవు 8 మీటర్లు, అందరూ ఎక్కాక బరువు 2.2 టన్నులు.

నీళ్లను చీల్చుకుంటూ పోయే అడుగుకి ఒక హద్దు ఉంటుంది. నీటి గీత పొడవు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.5తో గుణిస్తే గంటకి కిలోమీటర్లు వస్తాయి. 8 మీటర్లకి 12.7. ఆ వేగానికి వచ్చేసరికి బోటు లేపే అల పొడవు, బోటు పొడవు ఒకటవుతాయి. ముక్కు ఒక అల మీద, వెనక భాగం రెండో అల మీద, నడుమ గుంట. అక్కడి నుంచి ఎంత డీజిల్ పోసినా వేగం పెద్దగా పెరగదు.

నిలకడ నీరు, శుభ్రమైన అడుగు, గాలి లేదు అనుకుని, చిన్న డీజిల్ ఇంజిన్ హార్స్‌పవర్‌కి గంటకి పావు లీటరు తాగుతుందని పెట్టుకుంటే:

గంటకి 8 కి.మీ.: 3 హెచ్‌పి, 0.75 లీటరు, లీటరుకి 10.5 కి.మీ. పైనే.
10 కి.మీ.: 5.5 హెచ్‌పి, 1.4 లీటర్లు, లీటరుకి 7.
12 కి.మీ.: 9.5 హెచ్‌పి, 2.4 లీటర్లు, లీటరుకి 5.

ఇదే బరువు నీటిపైకి లేచి పరిగెత్తాలంటే హార్స్‌పవర్‌కి 25 కిలోలు మించకూడదు, అంటే 90 హెచ్‌పి కావాలి. ఆ సైజు పెట్రోల్ ఔట్‌బోర్డు (బోటు వెనక బయట తగిలించే ఇంజిన్) గంటకి 30 కి.మీ. మీద 20 నుంచి 25 లీటర్లు తాగుతుంది, లీటరుకి కిలోమీటరున్నర దాటడం కష్టం. 60 కి.మీ. దూరానికి గంటకి 10తో పోయే డీజిల్ బోటుకి ఆరు గంటలు, ఎనిమిదిన్నర లీటర్ల డీజిల్. 30తో పోయే ఔట్‌బోర్డుకి రెండు గంటలు, నలభై లీటర్ల పైన పెట్రోల్. రెంటికీ మధ్య 15 నుంచి 22 కి.మీ. వేగం అన్నిటికన్నా చెడ్డది. బోటు ముక్కు పైకెత్తి, లేచీ లేవక, నీటిని తోస్తూనే ఉంటుంది. పెద్ద ఇంజిన్ పెట్టి సామాను ఎక్కువ వేసేవాళ్లు తెలియకుండానే అక్కడ ఇరుక్కుంటారు. వేగం కావాలంటే ముందు బరువు తగ్గాలి, తర్వాతే హెచ్‌పి.

మన నదిలో దీనికన్నా పెద్ద విషయం లోతు. కేటలాగులన్నీ లోతు నీటి అంకెలు చెబుతాయి. లోతు తక్కువైతే బోటు కింద నీరు పారే దారి ఇరుకవుతుంది, అల వేగానికే అక్కడ ఒక హద్దు పడుతుంది. మీటరున్నర లోతులో ఆ హద్దు గంటకి దాదాపు 13.8 కి.మీ., మీటరు లోతులో 11.3. అందులో 70 శాతం దాటగానే బోటు బరువెక్కినట్టు తెలుస్తుంది, అంటే మీటరున్నరలో 9.7 దగ్గరే. వేసవిలో వశిష్ఠ ఇసుక మేటల మధ్య దారి చాలాచోట్ల అంతకన్నా లోతుండదు. గుర్తుపట్టడం తేలిక: థ్రాటిల్ ముట్టుకోకుండానే ఇంజిన్ గొంతు బరువెక్కుతుంది, వెనక అల నిటారుగా లేచి దగ్గరకొస్తుంది, వెనక భాగం కిందికి దిగుతుంది. అప్పుడు థ్రాటిల్ పెంచితే ఫ్యాన్ ఇసుకకి ఇంకా దగ్గరవుతుంది. తగ్గించాలి. వేగం కాస్తే తగ్గుతుంది, డీజిల్ చాలా తగ్గుతుంది.

రెండోది పోటూ పాటూ. బ్యారేజీ నుంచి నీరు రాని నెలల్లో నరసాపురం దిగువన నీటి వాలు సముద్రం చెప్పినట్టే నడుస్తుంది, సుమారు ఆరు గంటలకోసారి తిరుగుతుంది. 3 కి.మీ. ఎదురు నీటిలో 10తో నడిపితే ఒడ్డు పక్కన కదిలేది 7, లీటరుకి 5 కి.మీ. మాత్రమే. వాలుకి పోతే లీటరుకి తొమ్మిదిన్నర దాకా. అంతర్వేది వైపు పాటుతో దిగి పోటుతో తిరిగి రావడం ఏ ఇంజిన్ మార్పు కన్నా ఎక్కువ మిగులుస్తుంది. సఖినేటిపల్లి రేవు దగ్గర పంటు (జనాన్ని, బళ్లను దాటించే పడవ) దాటుతుంటే ఎలాగూ నెమ్మదించాలి, వలలు ఉన్నచోట ఇంకా నెమ్మదించాలి.

ఇవన్నీ చూశాక తేలింది: రోజువారీ వేగం 9 నుంచి 10. ఇంజిన్ 15 హెచ్‌పి డీజిల్, 3000 ఆర్‌పిఎం, గేర్ 2.5:1. ఎదురు గాలికి, పాటుకి 12 దాకా చేతిలో ఉంటుంది. 30 హెచ్‌పి వద్దనుకున్నది ధర గురించి మాత్రమే కాదు. డీజిల్ ఇంజిన్‌ని ఐదో వంతు లోడు మీద గంటలకొద్దీ తిప్పితే సిలిండర్ గోడలు నున్నబడి, మసి పేరుకుని, ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలెడుతుంది.

ఫ్యాన్ మూడు రెక్కలది, 15 అంగుళాల వ్యాసం, 11 పిచ్ (జారకుండా ఒక చుట్టు తిరిగితే ముందుకు పోయే అంగుళాలు). షాఫ్టు 1200 తిరుగుళ్లు. రెక్క కొసకీ అడుగుకీ మధ్య కనీసం రెండంగుళాలు ఖాళీ. కింద ఇనుప పట్టీ రక్షణకి. అన్నీ కలిపి 70 సెంటీమీటర్ల నీరు కావాలి. పూర్తి థ్రాటిల్ మీద ఇంజిన్ 3000 అందుకోవాలి. 2600 దగ్గర ఆగి నల్ల పొగ వస్తే పిచ్ ఎక్కువైనట్టే, ఒక అంగుళం తగ్గిస్తే వంద నుంచి రెండొందల తిరుగుళ్లు పెరుగుతాయి.

చల్లదనానికి నది నీరు లోపలికి తీసుకోవడం లేదు. గుర్రపుడెక్క వేర్లు జాలీని మూసేస్తాయి, ఒండ్రు నీరు పంపు రబ్బరు రెక్కల్ని అరగదీస్తుంది. అడుగు వెంట పైపు వేసి, అందులో కూలెంట్ తిప్పుతున్నాం. యానాం, నరసాపురం దగ్గర ఉప్పూ మంచీ కలిసిన నీరు, కాబట్టి తుప్పు దిమ్మెలు (బోటు లోహానికి బదులు తామే కరిగిపోయేవి) జింకువి కాదు, అల్యూమినియంవి. ఉప్పు నీటిలో కట్టేసి ఉంచితే అడుగుకి గుల్లలు పడతాయి, పైన రాసిన అంకెలన్నీ పోతాయి. మంచినీటి రేవుకి తెచ్చి కడితే చాలావరకు చస్తాయి.

డీజిల్ కొలత కోసం 10 లీటర్ల పారదర్శక డబ్బా, పక్కన లీటరు గీతలు. ఇంజెక్టర్ల నుంచి తిరిగొచ్చే డీజిల్ పైపు కూడా అదే డబ్బాలోకి రావాలి. పెద్ద ట్యాంకుకి పోతే తాగనిది కూడా తాగినట్టు లెక్కొస్తుంది. ఒకే ఆర్‌పిఎం మీద, ఒకే దారిలో ఎగువకీ దిగువకీ నడిపి, జీపీఎస్ చూపించే రెండు వేగాల సగటు తీయాలి. మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగిస్తే తప్పు వస్తుంది: 7, 13 వచ్చినచోట అసలు వేగం 10, ఆ పద్ధతిలో 9.1 అని చూపిస్తుంది. ఆర్‌పిఎం 1600 నుంచి 200 చొప్పున పెంచుతూ 3000 దాకా, ఒకసారి మూడు మీటర్ల లోతులో, ఒకసారి మీటరున్నరలో. పోటు నిలిచిన గంటలో మొదలుపెడితే రెండు దిక్కుల తేడా తక్కువగా ఉంటుంది.