ఇరవై ఖాళీలు

మా చిన్నది ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూటు నుంచి తెచ్చిన వర్క్‌షీటు ఇంకా డైనింగ్ టేబుల్ మీదే ఉంది. అత్తయ్య దాన్ని మడిచి పక్కన పెట్టబోతే వద్దన్నాను. పడుకుంటే నిద్ర పట్టేలా లేదు, రాసేస్తున్నా.

పైన పెద్దక్షరాలతో ‘ఫ్యూచర్ కంటిన్యువస్’ అని ఉంది, అంటే ముందు ముందు ఫలానా వేళకి సాగుతూ ఉండే పనిని చెప్పే రూపం. కింద ఇరవై ఖాళీలు, ఒక్కో ఖాళీ పక్కన బ్రాకెట్లో ఒక క్రియ. పిల్లకి ఇరవైకి ఇరవై వచ్చాయి. రాక ఏం చేస్తాయి, జవాబు శీర్షికలోనే ఉంటే? ‘విల్ బీ’ పెట్టి క్రియకి ‘ఇంగ్’ తగిలిస్తూ పోవడమే, వాక్యం చదివే పనే లేదు. అదే పిల్లని “రేపు ఈ టైముకి ఏం చేస్తుంటావో ఇంగ్లీషులో చెప్పు” అంటే “టుమారో ఐ విల్ గోయింగ్” అంది. ఖాళీలో ‘బీ’ పెట్టిన చెయ్యి వేరు, నోరు వేరు. ఆ రెండింటినీ కలిపే పని ఆ కాగితంలో ఎక్కడా లేదు.

పైగా తొమ్మిదోది అసలు తప్పు. “బై ఫైవ్ ఓ క్లాక్ టుమారో, ఐ డాష్ ద రిపోర్ట్”, బ్రాకెట్లో ‘కంప్లీట్’. ‘బై ఫైవ్’ అంటే అయిదు కొట్టేసరికి పని అయిపోవాలి, కాబట్టి అక్కడ రావలసింది ‘విల్ హావ్ కంప్లీటెడ్’. అయిదింటికి పని మధ్యలో ఉంటామని చెప్పాలంటే ‘ఎట్ ఫైవ్, ఐ విల్ బీ రైటింగ్ ద రిపోర్ట్’ అనాలి. ‘బై’కీ ‘ఎట్’కీ తేడా తెలియకుండా అచ్చేసిన కాగితానికి ఆ ఇన్‌స్టిట్యూటు వాళ్ళు ఫీజు వసూలు చేస్తున్నారు. సాయంత్రం నుంచీ నన్ను తొలుస్తున్నది ఇదే.

ఖాళీలు ఇవ్వొద్దని అనను. ఇస్తే కలిపి ఇవ్వాలి. శీర్షిక తీసేసి, పన్నెండు వాక్యాల్లో అయిదింటికి ‘విల్ బీ డూయింగ్’, అయిదింటికి ఉత్త ‘విల్ డూ’, రెండింటికి ‘విల్ హావ్ డన్’ వచ్చేలా రాస్తే పిల్లలు ఆగి ఆలోచిస్తారు. అంతకుముందే బోర్డు మీద ఈ రెండూ పడాలి: “వెన్ ద మేనేజర్ కమ్స్, వి విల్ హావ్ కాఫీ.” “వెన్ ద మేనేజర్ కమ్స్, వి విల్ బీ హావింగ్ కాఫీ.” ఒక అడ్డగీత గీసి మేనేజరు వచ్చే చోట ఇంటూ గుర్తు పెట్టాలి. మొదటిదాంట్లో కాఫీ గీత ఇంటూ దగ్గర మొదలై కుడివైపుకి పోతుంది. రెండోదాంట్లో అది ఇంటూకి ఎడమవైపే మొదలై, దాన్ని దాటుకుని కుడివైపుకి సాగుతుంది. ఈ బొమ్మ వాళ్ళ చేతే గీయించాలి, మనం గీసి చూపిస్తే ఊరికే తలూపుతారు. ఇలాంటి వాక్యాల్లో ‘వెన్’ ఉన్న భాగంలో ‘విల్’ రాదన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది. మనవాళ్ళు “వెన్ ద మేనేజర్ విల్ కమ్” అనకుండా ఉండరు.

తెలుగు అర్థం మాత్రం బోర్డు మీద రాయకూడదు. ‘విల్ బీ డూయింగ్’ పక్కన ‘చేస్తూ ఉంటాను’ అని రాశామా, మర్నాడే “ఐ విల్ బీ డ్రింకింగ్ కాఫీ డైలీ” అని వస్తారు. రోజూ చేసే పనికీ, రేపు ఫలానా వేళకి సాగుతుండే పనికీ మన దగ్గర ఒకటే రూపం మరి. కన్నడంలో ‘మాడ్తా ఇర్తీని’దీ ఇదే కథ, అందుకే బెంగళూరు బ్యాచిల్లో ఈ తప్పు రెండు భాషల వాళ్ళ నోటా వినిపిస్తుంది.

బెంగళూరు మారతహళ్ళిలో నేను పాఠం చెప్పిన ఆదివారం బ్యాచి గుర్తొస్తోంది. అనంతపురం, కడప, చిత్తూరు నుంచి వచ్చి పీజీ హాస్టళ్ళలో ఉంటున్న పిల్లలు, కొందరు తుమకూరు వాళ్ళు. ఇద్దరిద్దరిని వీపులు ఆనించి కూర్చోబెట్టి, తలో కాగితం. సోమవారం నుంచి శుక్రవారం దాకా, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా గళ్ళు. ‘ఏ’ కాగితంలో మంగళవారం ఆరు నుంచి ఎనిమిది దాకా జిమ్, ‘బీ’ కాగితంలో అదే రోజు ఏడున్నర నుంచి తొమ్మిది దాకా క్లయింట్ కాల్. అలా అన్ని రోజులూ అడ్డుపడతాయి. ఇద్దరికీ ఖాళీ ఉండేది గురువారం ఎనిమిదింబావు నుంచి అరగంట మాత్రమే. కలుసుకునే టైము మాటల్లోనే పట్టుకోవాలి. “క్యాన్ వి మీట్ ఎట్ సెవెన్ ఆన్ ట్యూస్డే?” “సారీ, ఐల్ బీ వర్కింగ్ అవుట్ దెన్.” ఉత్త ‘నో’ చెల్లదు. ఏం చేస్తుంటారో చెప్పి తీరాలి.

ఈ ఆట పాడయ్యేది కాగితం తయారీలోనే. ఇద్దరికీ కుదిరే ఖాళీలు రెండు మూడు ఉంటే రెండు ప్రశ్నలతో తెమిలిపోతుంది. అడగాల్సిన గంట, పని మొదలయ్యే గంట ఒకటే అయితే ‘ఐ విల్ స్టార్ట్ ఎట్ సిక్స్’ అన్నా సరైనదే అవుతుంది, మనకి కావలసిన రూపం నోట్లోంచి రాదు. అందుకే పనుల్ని గంటన్నర, రెండు గంటలు సాగేలా పెట్టి, అడిగే టైము వాటి మధ్యలో పడేలా చూడాలి. ‘ఓన్ ఎ కార్’, ‘నో ద ఆన్సర్’ (జవాబు తెలియడం) లాంటివి గళ్ళలో రాయకూడదు, వాటికి ‘ఇంగ్’ రాదు. ఒకబ్బాయి, ట్రాఫిక్‌కి పేరుపడ్డ బెంగళూరు కూడలి గురించి, “ఐల్ బీ స్టకింగ్ ఎట్ సిల్క్ బోర్డ్” అన్నాడు. ‘స్టక్’ అప్పటికే ఉన్న స్థితి, కాబట్టి ‘ఐల్ బీ స్టక్’ చాలు. ‘ఇంగ్’ కావాలంటే ‘ఐల్ బీ సిట్టింగ్ ఇన్ ట్రాఫిక్’. ఆట నడుస్తున్నప్పుడు ఆపి దిద్దకూడదు. తప్పులు చీటీ మీద రాసుకుని, ఆఖర్న ఎవరివో చెప్పకుండా బోర్డు మీద పెట్టి వాళ్ళ చేతే దిద్దించాలి. ఆరోజు వెనక బెంచీ జంట గురువారం దగ్గర ఇంగ్లీషులోనే గొడవపడ్డారు. అది వింటుంటే సంతోషమేసింది.

తెలుగు వద్దని పైన రాశాను గానీ, ఆ బ్యాచినే తలుచుకుంటుంటే ఆ మాట నిలవట్లేదు. “డోంట్ కాల్ హర్ నౌ, షీల్ బీ డ్రైవింగ్” అన్న వాడుకని ఇంగ్లీషులో వివరించబోతే అరగంట పడుతుంది. “ఇప్పుడు చెయ్యకు, బండి నడుపుతూ ఉంటుంది” అంటే క్షణంలో అందుకుంటారు. ఇప్పుడు జరుగుతోందని మనం ఊహించి చెప్పేది రెండు భాషల్లోనూ ఒకే తీరు. అలాంటప్పుడు తెలుగుని పూర్తిగా మానేయడం దండగ. చేయాల్సింది జంటగా రాయడం. “రేపు ఏడింటికి వంట చేస్తూ ఉంటాను” కింద ‘ఐల్ బీ కుకింగ్ ఎట్ సెవెన్ టుమారో’, “రోజూ నేనే వంట చేస్తూ ఉంటాను” కింద ‘ఐ కుక్ ఎవ్రీ డే’. ‘రేపు ఏడింటికి’ కిందా ‘రోజూ’ కిందా రంగు గీత గీస్తే తేడా కళ్ళకి కనిపిస్తుంది.

ఇంకో వాడుక ఉంది. ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళకి అన్నిటికంటే అదే ముందు పనికొస్తుంది, ఆ వర్క్‌షీటులో దాని ఊసే లేదు. “విల్ యూ కమ్ టు ఆఫీస్ టుమారో?” అంటే రమ్మని అడిగినట్టు ఉంటుంది. “విల్ యూ బీ కమింగ్ టు ఆఫీస్ టుమారో?” అంటే వాళ్ళ ప్లాను ఏమిటో కనుక్కోవడం, ఒత్తిడి ఉండదు. “విల్ యూ బీ యూజింగ్ ద మీటింగ్ రూమ్?” కూడా అంతే. వారంలో కొన్ని రోజులు ఇంటినుంచి పనిచేసేవాళ్ళున్న బెంగళూరులో ఈ ప్రశ్న రోజూ అవసరం. నన్నడిగితే గీతల బొమ్మ అయిన వెంటనే ఇదే చెప్పాలి.

పలకడం దగ్గర ‘ఐల్’లో చివరి ‘ల్’ మింగేసి ‘ఐ బీ వర్కింగ్’ అంటారు. వెనకనుంచి కట్టుకుంటూ రావాలి: వర్కింగ్, బీ వర్కింగ్, ఐల్ బీ వర్కింగ్, ఐల్ బీ వర్కింగ్ ఎట్ టెన్. ‘వోంట్’ని (విల్ నాట్) ‘వాంట్’లా (కావాలి) పలికితే అర్థమే తిరగబడుతుంది, దానికి విడిగా అయిదు నిమిషాలు కేటాయించాలి.

చిన్నదానికి కొత్త కాగితం రాస్తున్నా. పన్నెండు వాక్యాలు, శీర్షిక లేదు. తొమ్మిదో నంబరు అలాగే ఉంచాను, ‘బై ఫైవ్’ ఒకటి, పక్కనే ‘ఎట్ ఫైవ్’ ఒకటి. వెనక పేజీలో సోమవారం నుంచి శుక్రవారం దాకా గళ్ళు. బీ కాగితం అత్తయ్యకి ఇస్తా.