బాబు కడుపులో ఏలికపాములు: మలపరీక్ష నుంచి మలపరీక్ష దాకా

జాతీయ నులిపురుగుల నివారణ దినమైన ఫిబ్రవరి 10న, నల్లగొండలో మా ఆరేళ్ల బాబు చదివే బడిలోనే వాడి చేత ఆల్బెండజోల్ మాత్ర నమిలించారు. అయినా వానకాలం మొదలయ్యేసరికి వాడి మలంలో వానపాములా ఉన్న జానెడు పురుగు పడింది. అంతకుముందు కొన్నాళ్లుగా కడుపు నొస్తోందని వాడు అంటుంటే, మా జిల్లాలో ఏ జబ్బుకైనా ముందు ఫ్లోరైడ్ నీళ్లనే అనుమానించే అలవాటు కొద్దీ మేమూ బోరు నీళ్లనే తిట్టుకున్నాం. మా అత్తమ్మ మాత్రం బెల్లం ఎక్కువ తినడమే కారణమని తేల్చి, వాడి కంచం, గ్లాసు వేరు చేశారు.

పిల్లల డాక్టరు మలపరీక్ష రాశారు. మూత్రం కలవకుండా శుభ్రమైన డబ్బాలో నమూనా ఇచ్చాం. ఏలికపాము గుడ్లు ఉన్నాయని రిపోర్టు వచ్చింది.

బడిలో మాత్ర వేశాక మళ్లీ ఎలా వచ్చాయన్నదే నా ప్రశ్న. ఆ మందు అప్పటికి పేగుల్లో ఉన్న పురుగులకు చక్కెర అందకుండా చేసి చంపుతుందే తప్ప, ఆ తర్వాత నోట్లోకి పోయే గుడ్లను అడ్డుకోదని ఆయన చెప్పారు. మింగిన గుడ్డు నుంచి వచ్చిన పిల్లపురుగు పేగు గోడను తొలుచుకుని, రక్తంలో కలిసి, కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు చేరి, అక్కడి నుంచి గొంతులోకి ఎక్కి, గుటకతో పాటు తిరిగి పేగుల్లోకే దిగి పెద్దదవుతుంది. ఇందుకు రెండు మూడు నెలలు పడుతుంది. ఆ తర్వాత ఆడపురుగు రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. ఎండాకాలంలో పొడిదగ్గు వచ్చిందా అని కూడా డాక్టరు అడిగారు. వచ్చింది కానీ, అది పురుగుల వల్లేనని ఇప్పుడు తేల్చలేమని ఆయనే అన్నారు.

నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట మరొకటి. మలంలో పడిన గుడ్డు వెంటనే అంటుకోదు, తడి మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు ఉంటేనే అంటుకునే స్థితికి వస్తుంది. అంటే కంచం వేరు చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు, చూసుకోవలసింది పెరడు. పక్కింటి చంటిపిల్లల మలం పారబోసే మూలకు ఆనుకునే మా కొత్తిమీర మడి ఉంది, దానిని కడిగీ కడగకుండా పచ్చిపులుసులో వేసుకునేవాళ్లం. పక్కింటి అక్కతో ఈ సంగతి ఎత్తడమే నాకు ఆసుపత్రి కంటే కష్టమైంది. ఆమె నొచ్చుకున్నా, ఆ తర్వాత మరుగుదొడ్డిలోనే పోస్తున్నారు.

బాబుకు 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే ఇచ్చారు. తర్వాతి రోజుల్లో మరికొన్ని పురుగులు పడ్డాయి, కాస్త వికారం తప్ప ఇబ్బంది లేదు. ఇంట్లో మిగతావాళ్లమూ వేసుకున్నాం; మా తోడికోడలికి మాత్రం గర్భం తొలి నెలలు కనుక వద్దన్నారు. ఊపిరితిత్తుల్లో ఇంకా తిరుగుతున్న పిల్లపురుగుల మీద ఈ మందును నమ్ముకోలేమని మూడు నెలలకు మళ్లీ మలపరీక్ష చేయించారు. అందులో గుడ్లు కనిపించలేదు. అయినా వచ్చే ఫిబ్రవరిలో బడిలో ఇచ్చే మాత్ర మానిపించవద్దని డాక్టరు చీటీ మీదే రాసిచ్చారు.