30 మీటర్ల వరండా

స్నానం చేసి ఒళ్ళు తుడుచుకోవాలన్నా మంచం మీద కూలబడాల్సి వచ్చే రోజుల్లో, డాక్టరు గారు "రోజూ నడవండి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఊపిరాడక చస్తుంటే నడవమంటాడేంటి ఈయన!

నాది సీఓపీడీ, ఊపిరితిత్తుల్లో గాలి దారులు సన్నబడిపోయే దీర్ఘకాలిక జబ్బు. 30 ఏళ్ళు సిగరెట్లు కాల్చినవాణ్ణి, ఎవరినీ అనడానికి లేదు. స్పైరోమెట్రీ అనే ఊదుడు పరీక్షలో మొదటి సెకనులో నేను ఊదగలిగిన గాలి, నా వయసుకీ ఎత్తుకీ ఉండాల్సిన దాంట్లో 45 శాతమే. ఓసారి జలుబు ఛాతీలోకి దిగి ఆరు రోజులు ఆసుపత్రిలో పడుకున్నాను. ఇంటికొచ్చాక ఆయాసం వస్తుందేమోనన్న టెన్షన్‌తో కుర్చీ వదల్లేదు. మంచినీళ్ళు కూడా మా ఆవిడే తెచ్చిచ్చేది.

కొంప ముంచింది ఆ కుర్చీయే. కదలకపోతే తొడల్లో, పిక్కల్లో కండ తగ్గిపోతుంది. నీరసించిన కాళ్ళు కాస్త నడకకే అలిసిపోతాయి, ఆ భారం మళ్ళీ ఊపిరితిత్తుల మీదే పడుతుంది. ఆయాసమని కూర్చోవడం, కూర్చున్నందుకు ఇంకా ఆయాసపడటం.

ఆరు నిమిషాల నడక పరీక్ష పెట్టారు. వరండాలో 30 మీటర్ల ఎడంగా రెండు కోన్లు, నా వేలికి రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు. "మధ్యలో ఆగొచ్చు సర్, గడియారం మాత్రం ఆగదు" అంది ఫిజియోథెరపిస్టు అమ్మాయి. రెండుసార్లు గోడకి చేరగిలబడ్డాను. మొత్తం 210 మీటర్లు. ఆక్సిజన్ 95 నుంచి 90కి దిగింది. ఆయాసం ఎంతుందో 0 నుంచి 10 లోపు చెప్పమంటే "10" అన్నాను. "10 అయితే మాటే రాదు సర్" అని నవ్వింది. సరే, 6 వేసుకోమన్నాను.

తర్వాత ఊపిరి వదలడం నేర్పింది. అవును, వదలడం. మా జబ్బులో గాలి బయటికి రావడమే కష్టం. కంగారుపడి గబగబా పీల్చేకొద్దీ పాత గాలి లోపలే చిక్కుకుని ఛాతీ బిగుసుకుపోతుంది. రెండు అడుగులకి ముక్కుతో పీల్చి, ఈల వేయబోతున్నట్టు పెదాలు పెట్టి, నాలుగు అడుగులకి మెల్లగా వదలాలి. నడకకి పావుగంట ముందు ఇన్‌హేలర్. ఆయాసం 3, 4 దగ్గర ఉండేలా నడక, ఆక్సిజన్ 88 కంటే తగ్గితే ఆగిపోవడం. ఇవి నాకు పెట్టిన లెక్కలు. మీవి మీ డాక్టరు చెప్పాలి. మొదటి వారం నాలుగు నిమిషాలు నడిచి, కూర్చుని, మళ్ళీ నాలుగు నిమిషాలు. కఫం రంగు మారిన రోజున నడక మానేసి డాక్టరుకి ఫోన్ చేయమన్నారు.

మూడో వారం తెలివి ఎక్కువైంది. ఫోన్‌లో మాట్లాడుతూ ఎత్తు ఎక్కాను. సగం దారిలో గాలి అందలేదు. ఎవరిదో అరుగు మీద కూలబడి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి ముందుకి వంగాను. ఒకాయన పరుగున వచ్చి "ఏమైందండీ?" అన్నాడు. జవాబు చెప్పే ఊపిరి లేదు, చెయ్యి మాత్రం ఎత్తాను. కళ్ళు చెప్పుల మీద పెట్టి, రెండు లోపలికి, నాలుగు బయటికి, లెక్కపెట్టుకుంటూ పోయాను. నాలుగైదు నిమిషాలకి ఛాతీ వదులైంది. కంగారుపడకపోతే ఆయాసం వచ్చినట్టే పోతుందని ఆ అరుగు మీదే మొదటిసారి చూశాను. ఆ తర్వాత బయటికి వెళ్ళాలంటే అంత భయం వేయలేదు.

ఎనిమిది వారాలకి అదే వరండాలో 300 మీటర్లు నడిచాను, ఒక్కసారే ఆగాను. ఉత్సాహంగా స్పైరోమెట్రీ చేయించుకుంటే మళ్ళీ అదే 45! ఉసూరుమన్నాను. "ఊపిరితిత్తులు అవేనండీ, కాళ్ళు మారాయి" అన్నారు డాక్టరు గారు.

ఇప్పుడు ఒళ్ళు నిలబడే తుడుచుకుంటున్నాను. తల మాత్రం ఇంకా కూర్చునే. చేతులు పైకెత్తితే చాలు, ఆయాసం వచ్చేస్తుంది.