ఒకే డిస్టిలరీ, రెండు పీపాలు

కొన్ని చుక్కల నీళ్లు పడగానే రెండో గ్లాసులోని విస్కీ లేతగా మసకబారింది. మసక తెచ్చే పదార్థాలను చల్లబరిచి తీసేసే అతిశీతల వడపోత లేకుండా, పీపాలో ఉన్న గాఢతతోనే సీసాకెక్కిన సరుకు కనుక ఆ మసక నాకు ఆనందాన్నే ఇచ్చింది.

రెండు గ్లాసుల్లోనివీ స్కాట్లండ్‌లోని ఐలా ద్వీపపు కల్ ఈలా డిస్టిలరీవే, వయసూ ఒక్కటే. అయితే డిస్టిలరీల నుంచి విస్కీ పీపాలు కొని తమ పేరుతో సీసాల్లో నింపే ఇద్దరు స్వతంత్ర బాట్లర్లు ఎంచుకున్న వేర్వేరు పీపాలవి. అంతకుముందు బోర్బన్ అనే అమెరికన్ విస్కీ ఉన్న పీపాలో పెరిగినదానిలో, బార్లీని ఆరబెట్టేటప్పుడు పట్టిన పొగ వెంటే నిమ్మతొక్క వాసన, సన్నని ఉప్పదనం సూటిగా తగిలాయి. షెర్రీ అనే స్పానిష్ వైన్ పీపాలోనిది ఎండుద్రాక్ష తీపితో మొదలై, పొగను గుటక దిగేదాకా దాచి ఉంచింది.

నా మొగ్గు బోర్బన్ పీపాకే. షెర్రీ చెక్క ఎంత సొగసైనదైనా డిస్టిలరీ స్వభావాన్ని కొంత కప్పేసింది. సుమారు 250 లీటర్ల హాగ్స్‌హెడ్ రకం పీపా నుంచి, ఏటా ఆవిరయ్యేది పోగా, కొన్ని వందల సీసాలే వస్తాయి. అందుకే ఈ సీసాను తొందరపడి ఖాళీ చేయదలచుకోలేదు.