మూడు నెలల జ్వరం, ఎవరూ అడగని ఒక్క ప్రశ్న

నా జ్వరం ఏందో తేల్చిన రిపోర్టు చేతికొచ్చి పది రోజులైంది. కోపం ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నా.

మాది కర్నూలు, కల్లూరు వైపు. 6 ఎనుములున్నాయి. మా నాయన కొట్టం వేసినప్పుడు చుట్టూ జొన్నచేలు, ఇప్పుడు మూడు పక్కలా అపార్ట్‌మెంట్లు. 20 ఏళ్లుగా పాలు పోస్తున్నా. చెంబెడు నీళ్లు కలిపానని ఒక్కరితో అనిపించుకోలేదు.

సంక్రాంతి ముందు ఒక ఎనుము ఏడో నెలలో ఈసుకుపోయింది, అంటే కడుపు పోయింది. మాయ పడకపోతే నేనే ఉత్త చేత్తో తీశాను. నెల తిరిగేసరికి నాకు జ్వరం. పొద్దున బాగానే ఉంటుంది, సాయంత్రానికి చలి, రాత్రికి పరుపు తడిసేంత చెమట. ఒకాయన టైఫాయిడ్ అన్నాడు, ఇంకొకాయన మలేరియా అన్నాడు. మందులు మింగాను.

తర్వాత వృషణం వాచింది. నడవలేక, నా భార్యను తోడు తీసుకుని మూడో డాక్టరు దగ్గరికి పోయాను. తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద మా పాల ఖాతాదారులు ఇద్దరు. ఆయన చూసీచూడగానే గట్టిగా, "ఏమయ్యా, బయట తిరుగుళ్లున్నాయా?" అన్నాడు. లేవన్నాను. "అందరూ అట్లనే చెప్తారు" అని నవ్వి హెచ్ఐవీ పరీక్ష రాశాడు. కాంపౌండరు కూడా నవ్వాడు. ఆటోలో ఇంటికొచ్చేదాకా నా భార్య రోడ్డు వైపే చూసింది. పరీక్షలో ఏమీ లేదని వచ్చినా మూడు రోజులు అన్నం పెట్టింది గానీ నోరు విప్పలేదు. అబద్ధమాడే మొహమా నాది? మనిషి బతుకుతెరువు ఏందో అడక్కముందే నడవడిక లెక్కగట్టే చదువు ఏం చదువో!

వేరే ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ మాత్రం ముందు అడిగింది, "ఏం పని చేస్తారు?" అని. చెప్పాను. "ఈ మధ్య మీ పశువుల్లో ఏదైనా ఈసుకుపోయిందా?" అంది. నాకు ఒళ్లు ఝల్లుమంది. బ్రూసెల్లా అని, పశువుల నుంచి మనుషులకు అంటే రోగం ఉందట. దాని రక్తపరీక్షలో 160 వస్తేనే అనుమానించాలట, నాకు 640 వచ్చింది. వృషణాల వాపు కూడా ఈ రోగంలో ఉండేదేనట.

డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ 6 వారాలు వాడాలి. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడకండి. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే తిరగబెడుతుందట. ఎనుములకూ రక్తపరీక్ష చేయిస్తే రెండింటికి ఉందని తేలింది. సంతలో అమ్మెయ్యమన్నారు కొందరు. ఎవరి నెత్తిన పెట్టాలి? వేరే కట్టేశాను. 4 నుంచి 8 నెలల పెయ్యలకు ఒక్కసారి వేసే టీకా ఉంది, 2019లో మొదలైన కేంద్ర పథకం కింద వేస్తారు. నేను వేయించలేదు, అది నా తప్పే. పాలు మాత్రం పొంగేదాకా కాచే తాగండి, పచ్చిపాలు వద్దు.

పెరిగే ఊళ్లలో పశువు నుంచి మనిషికి ఏ రోగం దూకుతుందో కంప్యూటర్లతో ముందే అంచనా కడతారని మా వాడు చెప్తాడు. 2018లో కేరళ కోజికోడ్‌లో గబ్బిలాల నుంచి అంటే నిపా వైరస్ వచ్చాక ఆ మాట ఇంకా పెరిగిందట. కట్టనీ. మా ఎనుము ఈసుకుపోయిన సంగతి పశువుల ఆసుపత్రి రిజిస్టరులో ఉంది, నా జ్వరం మనుషుల ఆసుపత్రి చీటీల్లో ఉంది. ఈ రెండూ కలిపి చూసేవాడే లేకపోతే ఆ కంప్యూటరుకు ఏం చెప్తారు?

నా భార్య ఇప్పుడు మాట్లాడుతోంది. ఆ రిపోర్టును మడిచి బీరువాలో నగల పక్కన దాచింది. పండక్కి వాళ్లమ్మ వస్తే చూపించాలట.