మోనోపలీలో నారింజ వీధులు, ముప్పై రెండు ఇళ్లు

వీధులు కొని, వాటిపై ఇళ్లు కట్టి, అక్కడ ఆగినవారి నుంచి అద్దె వసూలు చేసే బల్లాట మోనోపలీలో గెలుపోటములు పాచికల చేతిలోనే ఉన్నాయని చాలామంది అంటారు. ఏళ్ల తరబడి సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ ఈ ఆట ఆడుతుంటే గమనించిన నాకు అది సగం నిజమే అనిపిస్తుంది. ఈసారి ఏ అంకె పడుతుందో ఎవరూ చెప్పలేరు కానీ, ఎక్కువసార్లు ఏ గడిలో ఆగుతామో లెక్క కట్టవచ్చు.

1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ అమెరికాలో విడుదల చేసిన ఈ ఆటలోని వీధుల పేర్లు దాదాపు అన్నీ అట్లాంటిక్ సిటీవే. కొత్తగా ఆడేవారు 400 డాలర్ల బోర్డ్‌వాక్ మీద మోజుపడతారు. నేను మాత్రం సెయింట్ జేమ్స్ ప్లేస్, టెనెసీ అవెన్యూ, న్యూయార్క్ అవెన్యూ అనే మూడు నారింజ రంగు వీధుల కోసం చూస్తాను. ఆటలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక దారిన పదేపదే జైలుకు చేరుతుంటారు; అక్కడి నుంచి ఈ వీధులు 6, 8, 9 గడుల దూరంలో ఉన్నాయి. రెండు పాచికలు పడగల 36 విధాల్లో 14 ఆ మూడు అంకెలవే. పైగా మూడు వీధులూ కొని, ఒక్కోదానిపై మూడేసి ఇళ్లు కట్టడానికి అయ్యే మొత్తం 1,460 డాలర్లు; ఆట మొదట్లో మన చేతికిచ్చేది 1,500.

మూడో ఇంటి దగ్గరే అసలు మలుపు ఉంది. న్యూయార్క్ అవెన్యూలో రెండు ఇళ్లకు 220 డాలర్లున్న అద్దె మూడో ఇంటితో ఒక్కసారిగా 600 అవుతుంది. ఆ తరువాత నాలుగో ఇంటికైనా, హోటల్‌కైనా పెరిగేది రెండేసి వందలే. కనుక ఉన్న డబ్బును అన్ని వీధుల్లోనూ మూడో ఇంటి వరకు పెట్టి, అక్కడ ఆగాలి.

హోటల్ విషయంలో నాకు తగిలిన దెబ్బ ఇప్పటికీ గుర్తుంది. బ్యాంకులో ఉండే ఇళ్లు మొత్తం 32 మాత్రమే. ఒకసారి నలుగురం ఆడుతుండగా అవన్నీ అయిపోయాయి; ఎర్ర వీధులు మూడూ చేతికొచ్చినా మా బావ ఒక్క ఇల్లూ కట్టలేక కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే నేను మూడు నారింజ వీధుల మీదా నాలుగేసి ఇళ్ల స్థానంలో హోటళ్లు లేపి, ఆ పన్నెండు ఇళ్లు బ్యాంకుకు తిరిగిచ్చాను. ఆయన వెంటనే వాటిలో తొమ్మిది కొన్నాడు. రెండు విడతలు తిరగకముందే నేను ఇల్లినాయ్ అవెన్యూలో ఆగి 750 డాలర్లు కట్టాను. ఇళ్లు కరువైనప్పుడు నాలుగేసి ఇళ్లను అట్టిపెట్టుకోవడమే అవతలివారిని కట్టనివ్వని ఉపాయమని నాకు ఆ రోజు తెలిసింది.

ఇళ్లు కట్టాలంటే ఒక రంగులోని వీధులన్నీ మనవే కావాలి; అవి అదృష్టవశాత్తు ఒకరికే దక్కడం అరుదు కాబట్టి బేరం తప్పదు. బేరమాడేటప్పుడు చాలామంది వీధుల ధరలను పోల్చి చూస్తారు. నేను అవతలివారి చేతిలోని నగదును లెక్కపెడతాను. ఇళ్లు కట్టే స్తోమత లేనివారికి పూర్తి రంగు అప్పగించినా వెంటనే ముప్పు రాదు, కానీ నాకు నారింజ వీధులు దక్కిన మరుక్షణమే కట్టగలిగేంత డబ్బు నా దగ్గర ఉండాలి.

ఎవరైనా ఆగిన వీధిని కొనకపోతే నియమాల ప్రకారం దాన్ని వేలం వేయాలి. చాలా ఇళ్లలో దీన్ని వదిలేస్తారు. దయచేసి వదలకండి, చవకగా వీధులు దొరికేది అక్కడే.

జైలు సంగతి కూడా చెప్పాలి. ఖాళీ వీధులు మిగిలి ఉన్నంతవరకు 50 డాలర్లు కట్టి వెంటనే బయటపడటమే మేలు. బల్లంతా ఇళ్లతో నిండాక మాత్రం మూడు విడతలూ లోపలే ఉండటానికి ప్రయత్నిస్తాను, ఎందుకంటే జైల్లో ఉన్నా నా వీధుల అద్దె నాకు వస్తూనే ఉంటుంది.